పటాన్‌చెరు నేలను కడిగేదెప్పుడు?

ఫ్యాక్టరీ గొట్టం మూసేసినంత మాత్రాన నేల బాగుపడదు. భూమిలోకి దిగిన రసాయనాలు రాతిలో తిష్ఠ వేసి దశాబ్దాల తరబడి నీళ్లను చెడగొడుతూనే ఉంటాయి. వాటిని బయటికి తోడే పద్ధతులున్నాయి, ఉన్నచోటే విరగ్గొట్టే పద్ధతులూ ఉన్నాయి. వాటిలో మన నేలకు సరిపడేవి ఏవి?

పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ల గతిని రెండు పైపులైన్లు మార్చాయి. మొదటిది మంజీర నీళ్లు తెచ్చింది. బావుల్లో, బోర్లలో నీళ్లు నోట పోసుకోలేని స్థితికి చేరాక కోర్టు జోక్యంతో తాగునీరు బయటినుంచి రావాల్సి వచ్చింది. రెండోది ఫ్యాక్టరీల వ్యర్థజలాలను తీసుకుపోయేది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రంలో ఓ విడత శుభ్రం చేసిన నీటిని 18 కిలోమీటర్ల గొట్టంలో నడిపించి, నగరం మురుగులో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చే ఏర్పాటు 2009 నాటికి సిద్ధమైంది. ఒకటి మంచినీటిని ఊళ్లోకి తెచ్చింది, మరొకటి చెడునీటిని ఊరు దాటించింది. రెండూ కావలసినవే. అయితే అప్పటికే నేలలోకి ఇంకి మొరంలో, బండ పగుళ్లలో నిలిచిపోయిన నీటి జోలికి ఈ రెండూ పోలేదు. అసలు సమస్య అక్కడే మిగిలిపోయింది.

పటాన్‌చెరు 1970లలో పారిశ్రామికవాడగా ఎదిగింది. ఆ వెంటే బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం వైపు బల్క్ డ్రగ్స్ పరిశ్రమలు విస్తరించాయి. మాత్రలో, టానిక్కులో ఉండే అసలు మందును తయారుచేసేది ఇవే. ఈ తరహా తయారీలో కిలో సరుకు కోసం ఎన్నో కిలోల సాల్వెంట్లు, ఆమ్లాలు, లవణాలు ఖర్చవుతాయి. కిలో మందుకు పాతిక నుంచి వంద కిలోల దాకా వ్యర్థం మిగలడం మామూలేనని రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1990లలోనే లెక్క కట్టారు. ఆ మిగిలినదానికి సరైన దారి చూపకపోతే అది పల్లం వెతుక్కుంటుంది. ఇక్కడి పల్లం నక్కవాగు. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి.

వాగు నీటితో పారిన పొలాలు చెడిపోతున్నాయని 1980ల ద్వితీయార్ధంలో రైతులు రోడ్డెక్కారు. వాళ్లకు అండగా నిలిచినవారిలో పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ ఎ. కిషన్‌రావు ముఖ్యులు. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లి 2017లో ఓ కొలిక్కి వచ్చింది. ఈలోగా ఒక తరం రైతులు ముసలివాళ్లయ్యారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. పటాన్‌చెరు-బొల్లారానికి వచ్చినవి 70.07.

కొలతలకు కొదవ లేదు

ఈ ప్రాంతాన్ని కొలిచినంత శ్రద్ధగా దేశంలో కొలిచిన చోట్లు తక్కువే ఉంటాయి. హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే మనం ఎన్‌జీఆర్‌ఐ అని పిలుచుకునే సంస్థ, ఇక్కడి మట్టిలో క్రోమియం, నికెల్, సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలు ఎక్కడెక్కడ పేరుకున్నాయో పటాలు గీసింది. వాగులోని కలుషితాలు పక్క నేలల్లోకి ఎలా ఇంకుతాయో, ఏళ్లు గడిచేకొద్దీ ఎటు కదులుతాయో ఆ సంస్థ శాస్త్రవేత్త వి.వి.ఎస్. గురునాథరావు, సహచరులు కంప్యూటర్ నమూనాలతో అంచనా కట్టారు.

స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం 2007లో వెల్లడించిన అంకెలు ప్రపంచాన్నే ఉలిక్కిపడేలా చేశాయి. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ఇక్కడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఒక్కరోజులో బయటికి పోయే మందు దాదాపు 44 కిలోలని వాళ్ల అంచనా. అప్పట్లో స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అది. అదే బృందం 2009లో చుట్టుపక్కల ఆరు ఊళ్ల బావులు పరీక్షిస్తే అన్నిటిలోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి. కొన్ని బావుల్లో జలుబుకు వేసుకునే సెటిరిజిన్ కూడా లెక్కించదగినంత కనిపించింది. ఆ తర్వాత వాగు అడుగు బురదను పరిశీలించినప్పుడు, యాంటీబయాటిక్‌లకు లొంగని గుణాన్నిచ్చే జన్యువులు బ్యాక్టీరియాలో పెద్దమొత్తంలో ఉన్నట్టు తేలింది. సీసం ఎంత పడితే అంతే ఉంటుంది, పెరగదు. ఈ జన్యువులు అలా కాదు. ఒక సూక్ష్మజీవి నుంచి మరోదానికి పాకుతాయి.

ఇన్ని కొలతలున్నా శుద్ధి ఎందుకంత కష్టం? జవాబు కోసం మన కాళ్లకింది రాయిని చూడాలి.

బోరుబండి చెప్పే పాఠం

హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కడైనా బోరు వేస్తుంటే దగ్గర నిలబడి బయటపడే పిండిని గమనించండి. మొదట ఎర్రమట్టి, దానివెంట గరుకైన మొరం. మెత్తటి పొర ఉన్నంతమేరా కేసింగ్ పైపు దింపుతారు. గట్టిరాయి తగలగానే కేసింగ్ ఆపేస్తారు. అక్కణ్నుంచి బూడిదరంగు రాతిపిండి పొగలా లేస్తుంది. అడుగుల కొద్దీ పొడిపిండే. ఉన్నట్టుండి ఆ పిండి తడిసి ముద్దవుతుంది. బయటపడ్డ రాతిముక్కల మీద తుప్పురంగు మరకలు కనిపిస్తాయి. అదే పగులు. ఏళ్లతరబడి అందులో నీళ్లు పారబట్టే రాతిలోని ఇనుము తుప్పుపట్టింది. ఇంటాయన ముఖం వెలిగేదీ అప్పుడే.

ఎన్‌జీఆర్‌ఐలో ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి నడిచిన భూగర్భజల పరిశోధన కేంద్రం మహేశ్వరం ప్రాంతంలో ఏళ్లతరబడి ఈ రాతిని అధ్యయనం చేసింది. మొరం పొరకు సరిగ్గా కిందనున్న రాతిలో అడ్డపగుళ్లు దట్టంగా ఉంటాయని, లోతుకు పోయేకొద్దీ అవి పలచబడతాయని, మన బోర్లకు నీళ్లిచ్చేది ముఖ్యంగా ఆ పైభాగమేనని వాళ్లు తేల్చారు. పై నుంచి ఇంకిన రసాయనం ముందుగా చేరేదీ అక్కడికే.

ఇసుకనేలలో నీరు ఇంచుమించు ఒకే తీరుగా కదులుతుంది. కలుషితం ఎటు పోతుందో గీత గీయవచ్చు. పగుళ్ల రాతిలో ఆ లెక్క కుదరదు. ఒక బావి చెడిపోతే, కూతవేటు దూరంలోని బావి బాగుండవచ్చు. ఎక్కడో అవతలున్న బావి మళ్లీ చెడిపోవచ్చు. మన ఊళ్లలో మరో సమస్య కూడా ఉంది. కేసింగ్ మొరం దాకానే ఉంటుంది కాబట్టి, ఎండిపోయి వదిలేసిన ప్రతి పాతబోరూ పై పగుళ్ల నీటిని కింది పగుళ్లకు చేర్చే దారే. శుద్ధి గురించి ఆలోచించేముందు పారిశ్రామికవాడల్లోని పాతబోర్లను బంకమట్టితోనో సిమెంటుతోనో పూడ్చాలి. ఇందుకు పరిశోధనేమీ అక్కర్లేదు. రేపే మొదలుపెట్టవచ్చు.

ఇంకో చిక్కు రాయిలోనే ఉంది. పగులులో పారే రసాయనం పగులుకే పరిమితం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ రెండు పక్కలా ఉన్న రాతి గుల్లలోకి, బంకమట్టిలోకి మెల్లగా చొచ్చుకుపోతుంది. తర్వాత పగులులోకి మంచినీళ్లు వచ్చినా, లోపల దాక్కున్నది తిరిగి బయటికి ఊరుతుంది. నూనె పోసి ఉంచిన మట్టికుండను ఎన్నిసార్లు తోమినా, నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచితే మళ్లీ నూనెవాసన వేసినట్టే ఇది. కెనడా శాస్త్రవేత్తలు జాన్ చెర్రీ, బెత్ పార్కర్ ఈ తీరును వివరంగా అధ్యయనం చేశారు. భూగర్భజల కాలుష్యంపై చేసిన కృషికి చెర్రీకి 2020లో స్టాక్‌హోమ్ వాటర్ ప్రైజ్ దక్కింది.

ఈ సంగతి అమెరికాకు చాలా డబ్బు ఖర్చయ్యాక తెలిసింది. 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్ కాలనీ కింద పూడ్చిన రసాయన వ్యర్థాలు ఇళ్లలోకి ఉబికి వచ్చాయి. ఆ కలకలంతో 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. దేశమంతటా కలుషిత జలాన్ని మోటార్లతో తోడి, శుద్ధిచేసే పని మొదలైంది. అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో 77 చోట్ల ఫలితాలను పరిశీలించింది. 69 చోట్ల లక్ష్యం ఇంకా నెరవేరలేదు. మోటార్లు నడిచినంతకాలం నీళ్లు బాగున్నట్టు కనిపించడం, ఆపగానే అంకెలు మళ్లీ పెరగడం చాలాచోట్ల జరిగింది. తోడడం వల్ల ఉపయోగం లేదని కాదు. కలుషితం ముందుకు పాకకుండా అది ఆపగలదు. దాన్ని పూర్తిగా లాగేయడం మాత్రం దానివల్ల కాదు.

ఇనుప రజనుతో ఒక గోడ

ఆ నివేదికకు ముందే కొందరు పరిశోధకులు మరో దారి పట్టారు. నీళ్లను పైకి తేవడమెందుకు, నేలలోనే పని కానిద్దాం అన్నారు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చే ఉదంతం కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానిది.

అది నీటి నమూనాలు తీసే పనిలో మొదలైంది. భూగర్భజల నమూనా తీయడం చిన్నపనేం కాదు. ముందు బోరులో నిలవ ఉన్న పాతనీరు తోడేయాలి. గాజుసీసాను గాలిబుడగ అన్నది మిగలకుండా అంచుదాకా నింపి మూత బిగించాలి. బుడగ మిగిలితే సాల్వెంటు ఆవిరై అందులోకి చేరుతుంది, అంకె తప్పుతుంది. తర్వాత ఐసుపెట్టెలో పెట్టి ల్యాబుకు పరుగు తీయాలి. బోరు గొట్టం, పంపు గొట్టం దేనితో చేసినవన్నదీ ముఖ్యమే. కొన్ని ప్లాస్టిక్కులు రసాయనాన్ని పీల్చుకుంటాయి. ఏ పదార్థం ఎంత పీలుస్తుందో తేల్చే పని 1980లలో అక్కడి ఆచార్యుడు రాబర్ట్ గిల్‌హామ్ దగ్గర చదువుకునే గ్లెన్ రేనాల్డ్స్‌కు అప్పగించారు. లోహాలతో ఉంచిన నీటిలో క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు తగ్గిపోతూ వచ్చాయి. లోహం వాటిని పీల్చుకుంటోందని అనుకుంటే లెక్క సరిపోలేదు. అవి విరిగిపోతున్నాయి! ఇనుము తుప్పుపడుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది, అవి ఆ అణువుల్లోని క్లోరిన్‌ను ఊడగొడతాయి. చివరికి మిగిలేవి ఉప్పులో ఉండే క్లోరైడు, ఇథిలీన్ వంటి మామూలు వాయువులు.

1991లో ఒంటారియోలోని బోర్డెన్ సైనిక స్థావరంలో గిల్‌హామ్ బృందం ఈ ఆలోచనను నేలమీద పరీక్షించింది. భూగర్భజలం ప్రవహించే దారికి అడ్డంగా తవ్వి, ఇసుకలో ఇనుప రజను కలిపి నింపారు. లోహపు పరికరాల జిడ్డు వదిలించడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ ఆ గోడ దాటేసరికి సుమారు 90 శాతం తగ్గింది. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. నీరు తనంతట తాను వచ్చి, గోడ గుండా వెళ్లి, శుభ్రపడి ముందుకు సాగింది. మూడు నాలుగేళ్లకే కాలిఫోర్నియాలోని సనీవేల్‌లో పూర్తిస్థాయి గోడ కట్టారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇలాంటివి వెలిశాయి. ఆరు ఆవేశాల క్రోమియం మీద కూడా ఇనుము పనిచేస్తుంది. దాన్ని విషం తక్కువుండే, నీటిలో తేలిగ్గా కరగని మూడు ఆవేశాల రూపంలోకి మారుస్తుంది. ఇనుము తుప్పు ఆర్సెనిక్‌నూ పట్టుకుంటుంది.

ఇనుము చేసే పనిని సూక్ష్మజీవులూ చేస్తాయి. అమెరికాలోని ఇథాకా మురుగుశుద్ధి కేంద్రం బురదలోంచి కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక బ్యాక్టీరియాను వేరుచేసి 1997లో లోకానికి చూపించారు. మనం ఆక్సిజన్‌ను వాడుకున్నట్టు ఈ డీహాలోకోకాయిడిస్ జాతి క్లోరిన్ సాల్వెంట్లను వాడుకుని బతుకుతుంది. బోరులోకి బెల్లపుమడ్డి, నూనె వంటి ఆహారం పంపితే నేలలోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. అందులోంచి పుట్టే హైడ్రోజన్ దీనికి బలం. జాగ్రత్త మాత్రం చాలా అవసరం. ఆహారం చాలకపోయినా, సరైన జాతి లేకపోయినా పని మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు వినైల్ క్లోరైడ్ పేరుకుంటుంది. అది క్యాన్సర్ కారకం, మొదటి రసాయనం కన్నా ప్రమాదకరం. సూక్ష్మజీవుల పొడి చల్లితే నేల బాగుపడుతుందని చెప్పే కంపెనీలను ఈ ఒక్క ప్రశ్న అడగాలి: పని సగంలో ఆగితే ఏం మిగులుతుంది?

లోహాలను విరగ్గొట్టడం ఎవరివల్లా కాదు. వాటిని కదలకుండా కట్టేయాలి, లేదా బయటికి లాగాలి. ఇక్కడ తెలుగువారి కృషి గర్వంగా చెప్పుకోదగ్గది. ఉస్మానియాలో సివిల్ ఇంజినీరింగ్ చదివిన కృష్ణారెడ్డి ఇలినాయ్ విశ్వవిద్యాలయం షికాగో శాఖలో ఆచార్యులు. నీరు కదలని బంకనేలల్లో ఎలక్ట్రోడ్లు దించి, విద్యుత్తుతో లోహాలను ఒకవైపుకు నడిపించే పద్ధతి మీద ఆయన విస్తృతంగా పనిచేశారు. పర్‌డ్యూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పి. సురేశ్‌చంద్రరావు ఫ్లోరిడా సహచరులతో కలిసి ఒక సులువైన సాధనం రూపొందించారు. బొగ్గుపొడి నింపిన మేజోడు లాంటి దాన్ని బావిలో కొన్నాళ్లు వేలాడదీస్తారు. ఆ బావి గుండా ఎంత నీరు, ఎంత కలుషితం ప్రవహించిందో అది చెబుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎం.ఎన్.వి. ప్రసాద్ లోహాలను పీల్చే మొక్కలపై దశాబ్దాలు పరిశోధించారు. ఒకమాట మాత్రం చెప్పాలి. మొక్క వేరు పోయినంత లోతు వరకే మొక్క వైద్యం. లోహం పీల్చుకున్న ఆకును మేక తినకుండా, పొయ్యిలోకి పోకుండా చూడాలి. పైమట్టికి అది మంచి మందే కానీ, బండ పగులుకు పనికిరాదు.

మన రాతికి ఏం సరిపోతుంది?

పటాన్‌చెరులో అన్నిటికీ ఒకే మందు లేదు. క్లోరిన్ సాల్వెంట్లు, క్రోమియం, ఆర్సెనిక్ ఉన్నచోట మొరం పొరలో ఇనుప గోడ పనిచేయవచ్చు. కందకం తవ్వడానికి మొరం అనువైనది. దానికింద పగుళ్లలో గోడ కట్టలేం, అక్కడ సూక్ష్మజీవులకు ఆహారం పంపే ప్రయత్నమే చేయాలి. ఉప్పదనం సంగతి వేరు. వ్యర్థజలాలతో దిగిన లవణాలను ఇనుమూ విరగ్గొట్టదు, బ్యాక్టీరియా తినదు. మంచి వాననీటిని ఇంకించి పలచబరచాలి, లేదంటే తోడి వడగట్టాలి. సిప్రోఫ్లాక్సాసిన్ తరగతి మందులు బురదకు గట్టిగా అంటుకుంటాయి. కాబట్టి చెరువుల, వాగుల అడుగు బురదను తీసి భద్రమైన చోటికి చేర్చకుండా నీటిని మాత్రమే శుద్ధిచేస్తే పని సగమే అవుతుంది. ఆ బురదను ఎరువని పొలాలకు తోలితే మాత్రం కొత్త కష్టం కొనితెచ్చుకున్నట్టే.

మన దేశంలో దారి చూపే ప్రయత్నాలు లేకపోలేదు. తమిళనాడులోని రాణిపేటలో మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ దగ్గర లక్ష టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం పోగుపడింది. అక్కడి మట్టి మీద, నీటి మీద మద్రాసు ఐఐటీలో లిజీ ఫిలిప్, మూర్తి భల్లమూడి బృందం సూక్ష్మజీవుల అడ్డుగోడలను నమూనాస్థాయిలో పరీక్షించింది. ప్రపంచబ్యాంకు సాయంతో 2010లో మొదలైన కలుషిత స్థలాల శుద్ధి ప్రాజెక్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్‌లోని కాటేదాన్ పక్కనున్న నూర్ మహ్మద్ కుంటను, కడప చెత్తదిబ్బను ఎంపిక చేశారు. ఉద్దేశం మంచిదే, కానీ ఇలాంటివి ప్రాజెక్టు గడువుతో మొదలై గడువుతో ముగిసే పనులు కావు.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు తొలిసారి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరునెలలకోసారి ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, మరో 90 రోజుల్లో పూర్తి సర్వే చేయాలి. చెడగొట్టినవాడే ఖర్చు భరించాలి. వాడి జాడ లేకపోతే ప్రభుత్వం భరించాలి. పరీక్షకు గడువు పెట్టిన నిబంధనలు శుద్ధి పూర్తికావడానికి అలాంటి కచ్చితమైన గడువు పెట్టకపోవడం నాకు వెలితిగా తోస్తోంది. పటాన్‌చెరు అనుభవం చెప్పేది కూడా ఇదే. పరీక్షల దగ్గర మనం ఎప్పుడూ ఆగలేదు, ఆ తర్వాతి అడుగు దగ్గరే ఆగిపోయాం.

ఆ అడుగు చిన్నదైనా ఫరవాలేదు. నక్కవాగు పక్కన ఒక్క చోటు ఎంచుకోవాలి. అక్కడి ఊరిబావులతో పాటు కొత్తగా వేసిన పరిశీలన బోర్లలో వానాకాలానికి ముందు, తర్వాత, ఏడాదికి రెండుసార్లు ఒకే పద్ధతిలో కొలవాలి. ఆ అంకెలు తెలుగులో పంచాయతీ గోడ మీద ఉండాలి. ఊరివాళ్లలో చదువుకున్న పిల్లలకు నమూనా తీయడం నేర్పితే, సీసాలో బుడగ ఉందో లేదో వాళ్లే చూస్తారు. అదే చోట మొరంలో ఒక పరీక్ష గోడ కట్టి, దానికి ఎగువన, దిగువన తేడా చూడాలి. మన తుప్పు, మన ఎండ, మన వాన, మన రాయి ఆ ఇనుముతో ఎలా నడుచుకుంటాయో బోర్డెన్ నివేదికలు చెప్పలేవు. ఎన్‌జీఆర్‌ఐ, హైదరాబాద్ ఐఐటీ, ఉస్మానియా, జేఎన్‌టీయూ అన్నీ ఇక్కడికి గంట, రెండు గంటల ప్రయాణ దూరంలోనే ఉన్నాయి. వాగు నుంచి నీరు ఎటు పారుతుందో చెప్పే పాత నమూనాలు ఉప్పల్‌లో ఉన్నాయి. పరీక్ష గోడకు చోటు ఎంచుకోవడానికి ముందుగా తెరవాల్సింది వాటినే.